అద్దం వెనక చేతులు

పాతకాలపు ఫ్రెంచి అద్దం కనిపిస్తే చాలు, మనవాళ్లు ‘ఆహా, ఏం రాజసం!’ అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. మూడో నెపోలియన్ చక్రవర్తిగా ఏలిన 1852–70 మధ్య తయారైన అద్దాల్లో చాలావాటికి ఆ తీగలూ, గవ్వలూ పదిహేనో లూయీ నాటి అరువు నగలే! చట్రం మీద పువ్వులు కూడా ఎన్నోచోట్ల చెక్కినవి కావు. సుద్దముద్ద అచ్చుపోసి బంగారు రేకు అతికించినవి.

పోనీ, అరువు సొమ్మూ అందమే అనుకుందాం. మరి గాజు వెనక తగరంతో కలిపి పట్టించిన పాదరసం మాటేమిటి? దాని ఆవిరి పీల్చిన పనివాళ్లకి చేతులు వణికేవి, పళ్లు ఊడేవి. 1835లోనే జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ వెండిపూతకి దారి చూపినా, పాదరసం వాడకం దశాబ్దాలపాటు పోలేదు.

అద్దాన్ని మెచ్చుకోండి, వద్దనను. కానీ అందులో చూసుకున్న దొరసాని సింగారం వర్ణించేవాళ్లు, ఆ వణికిన చేతుల సంగతీ చెప్పి తీరాలి.