వినెడి చెవి

ఒంటరితనము మనుష్యులు లేనిచోట పుట్టునది కాదు. మాట చేరనిచోట పుట్టునది. ఈ సంగతిని ఆధునిక లోకమునకు జ్ఞాపకము చేసినది ఒక తిమింగిలము.

1989లో ఉత్తర పసిఫిక్ మహాసముద్రమున అమెరికా నౌకాదళము అమర్చిన ధ్వనిగ్రాహకములకు ఒక వింతకూత వినబడెను. నీలి తిమింగిలముల ధ్వని మిక్కిలి మంద్రమైనది. ఈ కూత సెకనుకు 52 కంపనములతో అంతకంటె హెచ్చుస్థాయిలో నుండెను. వుడ్స్ హోల్ సముద్రపరిశోధన సంస్థకు చెందిన విలియం వాట్కిన్స్, ఆయన సహచరులు 12 సంవత్సరములు దాని జాడను వెంబడించి, ఆ వృత్తాంతమును 2004లో ప్రకటించిరి. ఆ స్థాయిలో కూయునది వారికి అదొక్కటే తగిలెను. అంతట జనులు దానికి ‘లోకమునకెల్ల ఒంటరి తిమింగిలము’ అని పేరిడిరి. జాలిపడి ఉత్తరములు వ్రాసినవారును, పాటలు కట్టినవారును కలరు.

శాస్త్రజ్ఞులు అంతదూరము పోలేదు. తక్కిన తిమింగిలములకు ఆ కూత వినబడదని నిరూపణ కాలేదు. అది తోడులేక దుఃఖించుచున్నదనుటకు ఆధారమును లేదు. ఆ దుఃఖము మనది. మనము దానిని తిమింగిలమున కారోపించితిమి. ఇది తప్పనరాదు. క్రౌంచపక్షి విలాపము వాల్మీకిని కదలింపగా శ్లోకము పుట్టినదని మన సంప్రదాయము. వినెడి హృదయ ముండుటచేతనే ఆ విలాపము కావ్యమైనది.

వినుటవలన నడవడి మారుననుటకును తిమింగిలమే సాక్షి. 1970లో రోజర్ పేన్ హంప్‌బ్యాక్ తిమింగిలముల పాటలను గ్రామఫోను రికార్డుగా వెలువరించెను. నూనెకై చంపదగిన జంతువని తలచినవారికి, అది పాడు ప్రాణియని తెలిసెను. 1982లో అంతర్జాతీయ తిమింగిల సంఘము వాణిజ్యపు వేటను నిలుప తీర్మానించెను. ఆ తీర్మానమునకు వెన్నుదన్నైన ప్రజాభిప్రాయమునకు ఈ పాటయు ఊపిరిపోసినది.

దూరసముద్రపు గొంతుకు కరగు మనస్సు చెంతనున్న గొంతును వినుచున్నదా? పేరులోనే చెరువుగల కొత్తచెరువు అనంతపురపు కరవుసీమలోనిది. వాన తప్పిన యేట వేరుసెనగ చేతికి రాక, ఈ సీమనుండి కుటుంబములు బెంగుళూరునకు కూలికి తరలుట చిరకాలముగా నున్నదే. అవ్వతాతల యొద్ద మిగిలిన బిడ్డ తరగతిలో పదుగురి నడుమ కూర్చుండును. హాజరు పిలిచినపుడు ‘ఉన్నాను సార్’ అనును. ఆనా డా బిడ్డ నోట వచ్చిన మాట అదొక్కటే కావచ్చును. ఉపాధ్యాయుడు పేరునకెదురుగ గుర్తుపెట్టి సాగిపోవచ్చును. లేదా బడి విడిచిన పిమ్మట పిలిచి, అమ్మానాన్నల కబురు వచ్చినదా యని అడుగవచ్చును. ప్రక్కబల్ల విద్యార్థి అడిగినను చాలును. ఇందుకు ధ్వనిగ్రాహకములతో పనిలేదు.

ఆ తిమింగిలమునకు తోడున్నదో లేదో ఎవరు చెప్పగలరు? ఈ బిడ్డకు తోడగుట మాత్రము మన చేతిలోనిది.