సికిల్ సెల్ బిడ్డకు అరగంటలో మందు అందాలి!
భద్రాచలం ఏజెన్సీలో ప్రతి పీహెచ్‌సీలోనూ శిక్షణ పొందిన నర్సు ఉండాలి!

అక్కలారా, అన్నలారా! ఏఎన్ఎం, ఆశా సోదరీమణులారా! గ్రామ పెద్దలారా!

కాళ్లూ చేతులూ పట్టుకుని, ఎముకల్లో నొప్పని ఏడ్చే పిల్లలను మన పల్లెల్లో చూస్తూనే ఉన్నాం. కళ్లు పచ్చబడితే కామెర్లనుకుని పసరు పోయిస్తాం. జ్వరం వస్తే మలేరియా అనుకుంటాం. రక్తం తక్కువగా ఉందంటే ఐరన్ మాత్రలు తెచ్చుకుంటాం. వీటన్నిటి వెనకా సికిల్ సెల్ అనే ఒకే జబ్బు ఉండొచ్చు. రక్తపరీక్ష చేస్తేగానీ ఆ సంగతి తేలదు.

ఇది అంటుకునే జబ్బు కాదు, ఎవరి శాపమూ కాదు. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే రక్తలోపం. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. అక్కడికి రక్తం అందక భరించలేని నొప్పి పుడుతుంది. మామూలు కణం 120 రోజులు బతుకుతుంది. ఈ కణం 10 నుంచి 20 రోజుల్లోనే విరిగిపోతుంది. రక్తహీనతా, కళ్ల పచ్చదనమూ అందుకే. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకపోయినా ఆ లోపాన్ని మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించింది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. అందులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ మూడూ ఉన్నాయి. పరీక్షలు జరగాల్సిందే, ఫలితం రాసిన కార్డులు ఇవ్వాల్సిందే. కానీ చర్ల, దుమ్ముగూడెం లోపలి పల్లెలో అర్ధరాత్రి నొప్పి మొదలైతే ఆ కార్డు పట్టుకుని ఎక్కడికి పోవాలి? ఆ వేళ ఆస్పత్రిలో బిడ్డ ఒంటిమీద మొదట చేయి వేసేది నర్సే. ఆమెకు శిక్షణ, మందు, వైద్యాధికారి రాతపూర్వక ఆదేశం మూడూ ఉండాలన్నదే మా వాదన.

నర్సు ఏం చూడాలి?

ముందు నొప్పి. ఈ నొప్పి పైకి కనిపించదు. వాపు ఉండకపోవచ్చు, గాయం ఉండదు. అందుకే "నాటకాలాడుతున్నాడు" అన్న మాట పడుతుంది. రోగి పది మార్కులకు ఎంత నొప్పి అంటే అంతే రాసుకోవాలి. ఆస్పత్రికి వచ్చిన 30 నిమిషాల్లోపు నొప్పి మందు ఇవ్వాలని, తగ్గేదాకా అరగంటకోసారి మళ్లీ చూడాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2012లోనే చెప్పాయి. అక్కడి రోగికి దక్కేది ఇక్కడి కోయ బిడ్డకు ఎందుకు దక్కకూడదు?

తర్వాత జ్వరం. మన అడవిలో జ్వరమనగానే మలేరియా పరీక్ష చేస్తారు. అది చేయాల్సిందే. మలేరియా లేదని తేలితే పారాసిటమాల్ ఇచ్చి ఇంటికి పంపేస్తారు. సికిల్ సెల్ బిడ్డ విషయంలో అది ప్రాణాంతకం కావచ్చు. ఈ పిల్లల్లో ప్లీహం చిన్నప్పుడే దెబ్బతింటుంది కాబట్టి సూక్ష్మక్రిములు రక్తంలోకి వేగంగా పాకుతాయి. 101 డిగ్రీలు దాటితే డాక్టరు చూడాలి, యాంటీబయాటిక్ ఆలస్యం కాకూడదు.

కింది కనురెప్ప లాగి ఎరుపు ఎంత ఉందో చూడాలి. ఎడమ డొక్క కింద అరచేయి ఆనించి ప్లీహం తగులుతోందా అని మెల్లగా నొక్కి చూడాలి. నిన్న తగలనిది ఇవాళ గట్టిగా తగిలి, బిడ్డ పాలిపోతే రక్తమంతా అక్కడ నిలిచిపోతోందని అర్థం. ఇక 108 పిలవాల్సిందే. ఈ పరీక్ష తల్లికీ నేర్పాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, ఆక్సిజన్ 95 కంటే తగ్గడం, మూతి వంకరపోవడం, ఓ చేయి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా క్షణం ఆగకూడదు.

మామూలు రోజుల్లోనే బిడ్డ హిమోగ్లోబిన్ 7, 8 ఉండొచ్చు. కాబట్టి అంకె చూసి వెంటనే రక్తం ఎక్కించకూడదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎంత ఉండేదో కార్డు మీద రాసి ఉండాలి. డాక్టరు రక్తం ఎక్కించమంటే మొదటి 15 నిమిషాలు నర్సు మంచం పక్కనే ఉండాలి.

మేం కోరేవి

1. ప్రతి ఏజెన్సీ పీహెచ్‌సీలో 24 గంటలూ సికిల్ సెల్ శిక్షణ ఉన్న స్టాఫ్ నర్సు ఉండాలి. ఖాళీ పోస్టులు నింపాలి. ఉన్నవాళ్ల మీదే అదనపు భారం మోపడం న్యాయం కాదు.

2. నొప్పి మందు, సెలైన్, ఆక్సిజన్ విషయంలో వైద్యాధికారి సంతకం చేసిన ఆదేశం వార్డు గోడమీద ఉండాలి.

3. హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్ నెలనెలా ఊళ్లోనే అందాలి. హైడ్రాక్సీయూరియా వాడేవారికి రక్తపరీక్షలు క్రమం తప్పకూడదు. అయిదేళ్లలోపు పిల్లలకు పెన్సిలిన్, అందరికీ టీకాలు ఇవ్వాలి.

4. ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఏఎన్ఎం ఉండాలి. సికిల్ సెల్ పిల్లలు ఎప్పుడంటే అప్పుడు నీళ్లు తాగడానికీ, మూత్రానికి వెళ్లడానికీ అనుమతించాలి. చలికి దుప్పటి ఇవ్వాలి.

5. మిర్చి ఏరే కూలీలకూ, తునికాకు కోసేవాళ్లకూ పని దగ్గర తాగునీరు, నీడ ఉండాలి. ఒంట్లో నీరు తగ్గితే నొప్పి లేస్తుంది.

6. ఒక రాష్ట్రం కార్డు మరో రాష్ట్రంలో చెల్లాలి. చింతూరు, కూనవరం, సుక్మా నుంచి వచ్చిన రోగిని ఏ ఊరోడివని అడిగి ఆపకూడదు.

7. పెళ్లికి ముందు పరీక్ష, సలహా కోయ భాషలోనే అందాలి. ఫలితం గుట్టుగా ఉంచాలి. వాహకురాలన్న పేరుతో ఏ ఆడపిల్లనూ చిన్నబుచ్చకూడదు.

జూన్ 19 ప్రపంచ సికిల్ సెల్ దినం. ఆలోపు ప్రతి గ్రామసభ ఈ ఏడు కోర్కెలపై తీర్మానం చేసి భద్రాచలం ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి పంపాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభకు పెసా చట్టం 1996లోనే బలమిచ్చింది. ఆ బలాన్ని మన పిల్లల కోసం వాడదాం. ఇంట్లో 40 ఏళ్లలోపు వారందరికీ పరీక్ష చేయించండి. కార్డు దాచి ఉంచండి, ఆస్పత్రికి పోతే చూపించండి. నొప్పి మందు అరగంట దాటినా రాకపోతే అడగండి. అడగడం మీ హక్కు!