కుమ్మరికి పెద్ద బట్టీ కావాలి, కూజా అడుగున పేరు ఉండాలి

శిల్పంలా మలిచే పూలకూజాకు సారె మీద పని మొదలవుతుంది, అక్కడితో అయిపోదు. సారె మీద తీసిన భాగాలను కోసి, వంచి, పల్చటి మట్టినీళ్లతో అతికి, మడతలూ చెవులూ చేత్తో దిద్దుతారు. అతుకు దగ్గర తడి ఎక్కువగా, అంచు దగ్గర తక్కువగా ఉంటే ఆరేటప్పుడే పగులుతుంది. అందుకే గుడ్డ కప్పి రోజుల తరబడి నెమ్మదిగా ఆరనిస్తారు. ఒకసారి కాల్చాక గ్లేజు అనే గాజులాంటి పూత పూసి, 1200 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో మళ్లీ కాలుస్తారు. స్టోన్‌వేర్ మట్టి రాయిలా బిగిసి, నీరు పీల్చకుండా నిలిచేది ఆ వేడిలోనే.

పెళ్లికి అయిరేని కుండలు, బోనాలకు ఘటాలు చేసే తెలుగు కుమ్మరులకు పనితనం కొరవలేదు. కొరవడింది వేడి. కట్టెలు, పిడకలు, గడ్డి పేర్చి కాల్చే ఆవంలో అది సాధారణంగా 900 డిగ్రీల లోపే ఉంటుంది. ఆ కుండ చెమరుస్తుంది. వేసవిలో తాగునీటికి అది వరం, పూలకూజాకు లోపం. పోనీ చెరువు మట్టినే 1200కు కాలుద్దామంటే, అందులోని ఇనుము వల్ల మెత్తబడి కుంగిపోతుంది. వేరే మట్టి కలపాలి. అదీ దూరాన లేదు: ద్వారకా తిరుమల పరిసరాల్లో బాల్ క్లే అనే మట్టి తవ్వుతున్నారు.

కాబట్టి కుమ్మరి కుటుంబాలు ఎక్కువగా ఉన్న ప్రతి జిల్లాలో ప్రభుత్వం ఒక ఉమ్మడి గ్యాస్ బట్టీ కట్టించాలి. వంతులవారీగా అందరూ కాల్చుకోవచ్చు. బట్టీ ఒక్కటే చాలదు, గ్లేజు నేర్పేవారు కావాలి. పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో నేర్చుకున్న ఎందరో సొంత స్టూడియోలు పెట్టుకున్నారు. అలాంటి చోటికి కుమ్మరి పిల్లలను పంపాలి. నేర్చుకునే నెలల్లో ఇంట్లో సారె ఆగుతుంది గనుక, ఆ కాలానికి భృతి తప్పనిసరి.

రెండో కోరిక పేరు. అమెరికాలోని బిలాక్సీ పట్టణంలో జార్జ్ ఓర్ (1857–1918) గోడలను అతి పల్చగా లాగి, నలిపి, మెలితిప్పి కూజాలు చేశారు. బతికుండగా ఆదరణ అంతంతమాత్రం. వేలాది పాత్రలు కుటుంబం దగ్గరే అర్ధశతాబ్దం పడి ఉన్నాయి. 1970 ప్రాంతంలో ఒక వ్యాపారి కొని వెలుగులోకి తెచ్చినప్పుడు అవి ఎవరివో వెతుక్కోనక్కరలేకపోయింది. అడుగున పేరు, ఊరు ముద్ర వేయడం ఓర్‌కు అలవాటు. ఇవాళ బిలాక్సీలో ఆయన పేరున మ్యూజియమే ఉంది.

లేపాక్షి, గోల్కొండ ఎంపోరియాల్లో అమ్మే ప్రతి మట్టి కళాకృతి అడుగునా, చీటీ మీదా, బిల్లు మీదా చేసినవారి పేరు ఉండాలి. పేర్లు వేస్తే ఊరి వృత్తి వ్యక్తుల పోటీగా మారుతుందనే భయం ఉంది. పేరు పక్కనే ఊరు కూడా వేస్తే ఆ గౌరవం అందరికీ దక్కుతుంది. బట్టీకి నిధులు, స్థలం, అనుమతులు కావాలి, సమయం పడుతుంది. తడిమట్టి మీద ముద్రకు అవేవీ అక్కర్లేదు, అది ఈ నెలలోనే మొదలుకావాలి.