బరువు తగ్గించే ఆపరేషన్ సోకు కాదు, వైద్యం

కరువు నేలలో ఊబకాయమా అని నవ్వేవాళ్లకు మా జవాబు ఒక్కటే. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో జొన్న, సజ్జ వెనకబడి తెల్లన్నం మిగిలింది. షుగరు, బీపీ, స్థూలకాయం పేదింట్లోనూ అడుగుపెట్టాయి.

పథ్యం, మందులు పనిచేయనప్పుడు పొట్ట పరిమాణం తగ్గించే ఆపరేషన్ ప్రాణం నిలిపే వైద్యం. బీఎంఐ 40 దాటినవారికి, అదుపు తప్పిన షుగరో గుండెజబ్బో ఉండి 35 దాటినవారికి ప్రైవేటు బీమా దీన్ని స్థూలకాయం సాకుతో తోసిపుచ్చకుండా నియంత్రణ సంస్థ 2019లో నిబంధన పెట్టింది. కేంద్ర ఉద్యోగికి సీజీహెచ్ఎస్ ఇస్తోంది. మరి మన పంతులుకు, ఉపాధి కూలీకి?

ఆరోగ్యశ్రీ పేరు 2024లో ఎన్టీఆర్ వైద్యసేవగా మారింది. 2.5 లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు భరించే పద్ధతికి 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఒప్పుకుంది. ఆ జాబితాలోనూ, ఉద్యోగుల ఆరోగ్య పథకంలోనూ ఈ ఆపరేషన్‌కు అవే షరతులతో స్పష్టంగా చోటివ్వాలి. నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలోనే చేయాలి. పేదోడిని మద్రాసు బస్సెక్కించడం ఇక చాలు.

1937 శ్రీబాగ్ ఒడంబడిక సీమతోపాటు నెల్లూరుకూ నీళ్లలో ముందు వాటా రాసింది. అది కాగితంపైనే మిగిలింది. వైద్యంలోనూ అంతేనా? మన రాష్ట్రం వచ్చేదాకా రోగం ఆగదు. ఉద్యోగులారా, విద్యార్థులారా, అర్జీలతో ఆత్మకూరు ఆర్డీవో ఆఫీసుకు కదలండి!