విన్నదానికి సాక్ష్యము

భాగవత దశమస్కంధములో కంసుడు చెల్లెలి పెండ్లి రథమునకు తానే పగ్గములు పట్టి నడపుచుండగా ఆకాశమునుండి ఒక మాట వినబడెను. పలికినవారు కానరాలేదు, ఎచ్చటినుండి పలికిరో తెలియలేదు. అయినను కంసుడు ఆ మాటను నమ్మెను. విచారణ లేకయే కత్తి దూసెను. పురాణములలోని అశరీరవాణికి సాక్ష్యముతో పని లేదు. మన దేశపు రేడియో సంస్థ ఆకాశవాణి అను పేరును గ్రహించినది కాని, ఈ కాలపు ఆకాశవాణిని వినువానికి కంసునికి లేని బాధ్యత యొకటి కలదు. పలికినది ఎవరు, ఎచ్చటినుండి పలికిరి, ఆ సంగతి తనకు ఎట్లు తెలిసినది అని అతడు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

ఆ ప్రశ్ననే వినోదముగా మార్చుకొన్నవారు అనేక దేశములలో ఉన్నారు. ప్రొద్దు గ్రుంకిన తరువాత వారు రేడియో ముందు కూర్చుండి, మీడియం వేవ్ అని అందరు పిలుచు మధ్యతరంగములపై ముల్లును వెండ్రుకవాసిగా జరుపుచు, పగలు వినబడని దూరపు కేంద్రములను వెదకుదురు. పాట కొరకు గాని వార్తల కొరకు గాని కాదు. వేయి మైళ్ల ఆవలి కేంద్రము తన పేరును తాను చెప్పుకొను ఒక్క క్షణము కొరకు గంటలకొలది వేచియుందురు. ఈ వ్యాసంగమునకు డి.ఎక్స్. అని పేరు. దూరమను అర్థమున తంతి ఉద్యోగులు వాడిన సంక్షిప్తమది. సింహళ రేడియోలో పాటలు విన్న తరము వారికి ఇది కొంత పరిచితముగా తోచవచ్చును. కాని దూరదేశముల కొరకే ఉద్దేశింపబడిన ఆ ప్రసారములకు హ్రస్వతరంగములు వాహనములు. మధ్యతరంగ కేంద్రము సామాన్యముగా తన చుట్టుపట్ల ప్రజల కొరకు మాటలాడును. దూరపు శ్రోత దానికి పిలువని అతిథి.

పగలు వినబడనిది రాత్రి ఏల వినబడును? భూమికి సుమారు 60 మొదలు 90 కిలోమీటర్ల ఎత్తున సూర్యకాంతి వలన విద్యుత్కణములతో కూడిన పొర యొకటి ఏర్పడును. అచ్చట వాయుకణములు కొంత దట్టముగా నుండుటచే, తరంగము కదలించిన ఎలక్ట్రానులు వానితో ఢీకొని శక్తిని కోల్పోవును. అందువలన పగటివేళ పైకెగసిన మధ్యతరంగములు ఆ పొరలోనే అణగారును. నేల వెంట ప్రాకి వచ్చినది మాత్రమే వినబడును. సూర్యుడు క్రుంకగానే ఆ పొర త్వరలోనే క్షీణించును. దానికి పైనున్న పొరలు తరంగములను అద్దమువలె క్రిందికి మరలించును. ఆ విధముగా ఒకటి రెండు దుముకులలో ఒక నగరపు మాట సముద్రము దాటి మరియొక దేశపు పల్లెలో దిగును. రాత్రివేళ ఆకాశము తలుపు తీయుననుట కవిత్వము కాదు, భౌతికశాస్త్రమే.

ఈ సత్యము తెలియుటకు ముందు జరిగిన యొక ఘట్టము ఉపాధ్యాయులు విద్యార్థులకు తప్పక చెప్పదగినది. 1901 డిసెంబరు 12వ తేదీన మార్కోని న్యూఫౌండ్లాండులోని సెయింట్ జాన్స్ వద్ద ఒక గుట్టపై గాలిపటముతో తీగను పైకెత్తి, ఇంగ్లండులోని పోల్ధూ నుండి అట్లాంటికును దాటి వచ్చిన మూడు చుక్కల సంకేతమును చెవిగొట్టములో వింటినని ప్రకటించెను. విన్నవారు ఆయనయు, ఆయన సహాయకుడు కెంపును మాత్రమే. కాగితముపై ముద్రపడిన గుర్తు లేదు. బయటి సాక్షి లేడు. పైగా అది పట్టపగటి వేళ. పగటి పొరల స్వభావము తెలిసిన తరువాత శాస్త్రజ్ఞులలో పలువురు, ఆ తరంగములు నిజముగా వచ్చినవా, లేక మెరుపుల చిటపటలలో ఆశపడిన చెవి మూడు చుక్కలను ఊహించుకొన్నదా అని సందేహించిరి. ఆ సందేహము నేటికిని పూర్తిగా తీరలేదు. మార్కోని మహామేధావి, అసత్యవాది యని ఎవరును అనలేరు. కాని గొప్పవాడు విన్నంత మాత్రమున వినికిడి సాక్ష్యము కాజాలదు.

ఆ కొరతను మార్కోనియే గుర్తించెను. 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా అను ఓడపై ప్రయాణము చేయుచు, వచ్చిన సంకేతములను కాగితపు పట్టీపై నమోదు చేయించి ఓడ కప్తానుచే సంతకము పెట్టించెను. అప్పుడే ఒక వింత బయటపడెను. పగలు సుమారు 700 మైళ్లతో ఆగిపోయిన సంకేతములు రాత్రి రెండువేల మైళ్లు దాటి అందెను. ఆ యేడే బ్రిటనులో హెవిసైడు, అమెరికాలో కెన్నెలీ వేరువేరుగా ఆకాశమున విద్యుద్వాహకమైన పొర ఉండవచ్చునని సూచించిరి. 1924 డిసెంబరులో ఆపిల్‌టన్, బార్నెట్ అను వారు బోర్న్‌మత్‌లోని బి.బి.సి. ప్రసారమును ఆక్స్‌ఫర్డులో విని, పొర నిజముగా కలదని ప్రయోగపూర్వకముగా చూపిరి. ఈ కృషికే ఆపిల్‌టన్‌కు 1947లో నోబెల్ బహుమానము లభించెను. అదే సంవత్సరము కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్ర ఊర్ధ్వ వాయుమండలమును గూర్చి వెలువరించిన ఆంగ్ల గ్రంథము ఈ శాస్త్రమున ప్రపంచమంతట ప్రమాణముగా గణింపబడెను. ఈ విద్యలో భారతీయులు కేవలము శ్రోతలుగా నుండలేదని విద్యార్థులు తెలిసికొనవలెను.

మార్కోని ఘట్టమునకు ప్రక్కనుంచి చూడదగినది 1921 నాటి కథ. అమెరికాలోని ఔత్సాహికుల చిన్న రేడియోలు 200 మీటర్లకు దగ్గరి తరంగములపై అట్లాంటికును దాటగలవా అను వివాదము తీర్చుటకు వారి సంఘము పాల్ గాడ్లీ అను నిపుణుని స్కాట్లాండుకు పంపెను. ఆయన ఆర్డ్రోసన్ వద్ద సముద్రతీరపు పొలములో గుడారము వేసికొని, సుమారు 1300 అడుగుల తీగను తక్కువ ఎత్తుగల కంబములపై చాచి, డిసెంబరు చలిలో, వానలో రాత్రులు మేల్కొని వినెను. ప్రక్కన మార్కోని కంపెనీ ఉద్యోగి ఒకరు సాక్షిగా కూర్చుండెను. విన్న కేంద్రము, వేళ, సంకేతము అన్నియు వ్రాతలోనికి ఎక్కెను. ఇరువదికి పైగా అమెరికా కేంద్రములు వినబడెను. ఒక కేంద్రము పంపిన సందేశము పూర్తిగా అందెను. మార్కోని కంటె గాడ్లీ పేరు తెలిసినవారు తక్కువ. కాని ఆయన విన్నదానిని శంకించినవారు అంతకంటె తక్కువ. కీర్తికిని సాక్ష్యమునకును గల భేదము ఇదియే.

ఈ వ్యాసంగము నేర్పు ప్రధాన విద్య కూడ అదియే. దూరపు కేంద్రము దొరకగానే దాని పేరు తెలియదు. ఏదో భాష, ఏదో వాద్యము, అలవలె పొంగి క్రుంగు ధ్వని మాత్రమే చెవిని బడును. శ్రోత మొదట తరంగసంఖ్య చూచును. 1978 నుండి ఆసియా, ఐరోపా, ఆఫ్రికా ఖండములలో మధ్యతరంగ కేంద్రములకు 531 మొదలు 1602 కిలోహెర్ట్సుల వరకు తొమ్మిదేసి యెడముతో సంఖ్యలు కేటాయింపబడినవి. అవి యన్నియు తొమ్మిది గుణిజములే. విజయవాడ కేంద్రము దీర్ఘకాలము ప్రసారము చేసిన 837ను, హైదరాబాదు కేంద్రము ప్రసారము చేసిన 738ని తీసికొన్నచో, ఒకటి మరియొకదానికి తిరుగుబోటు. అంకెలు కూడినచో రెండును 18. గణితోపాధ్యాయునికి ఇది చక్కని లెక్క. అమెరికా ఖండములలో ఎడము పదేసి. అందుచే ఐరోపా శ్రోత తన సంఖ్యల నడుమ పడిన సన్నని స్వరమును విన్నప్పుడు అది అట్లాంటికు ఆవలిదేమోయని ఊహింపగలడు.

తరువాత వేళ చూడవలెను. చీకటి తూర్పు నుండి పడమరకు సాగును. కనుక తెలుగు దేశపు తీరమున సంధ్యవేళ బంగాళాఖాతమునకు ఆవలి కేంద్రములు ముందుగా తోచును. రాత్రి ముదిరిన కొలది పడమటి దేశములు పలుకును. తెల్లవారుజామున తూర్పు స్వరములు ముందుగా మాసిపోయి పడమటివి కొంతసేపు నిలుచును. భూభ్రమణమును పటములో చూచిన బాలుడు దానిని చెవితో తెలిసికొనుటకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు. పిమ్మట గంట కొట్టువేళ కేంద్రము పేరు చెప్పు నిమిషము కొరకు వేచియుండవలెను. సరిగా ఆ నిమిషముననే ధ్వని క్రుంగిపోవుటయు కలదు. అప్పుడు సత్యవంతుడైన శ్రోత తన పుస్తకములో కేంద్రము పేరు వ్రాయడు. అనుమానమని వ్రాసికొని మరునాటి రాత్రి మరల కూర్చుండును.

నిశ్చయముగా వినినప్పుడు ఆ కేంద్రమునకు నివేదిక పంపుట ఆచారము. తేదీ, వేళ, తరంగసంఖ్య, వినిన పాట లేక మాట యొక్క వివరము అందులో ఉండవలెను. ధ్వని బలము, ఇతర కేంద్రముల అడ్డు, రొద, హెచ్చుతగ్గులు, మొత్తము మీద వినికిడి అను ఐదింటికి ఒకటి నుండి ఐదు వరకు అంకెలు వేయుదురు. వివరములు సరిపోయినచో కేంద్రము వారు ధ్రువీకరణ పత్రము పంపుదురు. దానినే క్యు.ఎస్.ఎల్. కార్డు అందురు. అచ్చు కార్యక్రమపట్టిక చూచి నివేదిక కల్పించుట కష్టము కాదు. చాల సందర్భములలో పట్టుబడుటయు ఉండదు. అయినను ఈ వ్యాసంగము నూరేండ్లుగా నిలిచినదన్న, ఎవరును చూడని నడిరాత్రి గదిలో తన చెవికి తానే కాపలా యున్నవారి వలననే నిలిచినది.

చేతిలోని ఫోనులో ప్రపంచమందలి కేంద్రములన్నియు స్పష్టముగా వినబడుచుండగా ఈ శ్రమ ఎందుకని అడుగువారు కలరు. పాట వినుటయే ప్రయోజనమైనచో వారి మాట నిజము, ఫోనే మేలు. ఇంటర్నెట్టు ద్వారా ఎచ్చటనో యున్న రేడియోను ఇంటినుండియే త్రిప్పి వినుటకును నేడు వీలు కలదు. నెదర్లాండ్సులోని ట్వెంటే విశ్వవిద్యాలయము వారి రేడియో అట్టిది. అట్లు విన్నదానిని తమ లెక్కలో చేర్చుకొనవచ్చునా అని అభిరుచిపరులలో వాదములు జరుగుచుండును. విన్నచోటును దాచనంతవరకు అది దోషము కాదు, దాచినప్పుడు దోషమే. కాని ఒక సంగతి స్పష్టము. ఫోను వినిపించునది తీగలు మోసికొనివచ్చిన కానుక. పాత రేడియో వినిపించునది సూర్యుడు, భూమి, ఆకాశము ఆ రాత్రి చేసికొన్న ఏర్పాటు. మొదటిది ఎప్పుడు మీట నొక్కినను వచ్చును. రెండవది వచ్చిననాడు వచ్చును.

వచ్చు దినములు తగ్గిపోవుచున్నవని కూడ చెప్పవలెను. 2015 సంవత్సరాంతమున జర్మనీ, ఫ్రాన్సు దేశముల ప్రభుత్వరంగ రేడియోలు మధ్యతరంగ ప్రసారములను నిలిపివేసెను. మన దేశమున 1988లో నాగపూరు నుండి రాత్రివేళ కొరకే ఆరంభింపబడిన ఆకాశవాణి జాతీయ ప్రసారము మూడు దశాబ్దముల తరువాత ఆగిపోయెను. రాత్రి తరంగము దూరము పోవునను సూత్రముననే, ఒక్క చోటినుండి దేశమంతటికి వినిపింపవలెనని అది తలపెట్టబడినది. పెద్ద ప్రసారయంత్రములకు విద్యుత్తు వ్యయము అధికము, శ్రోతలు ఎఫ్.ఎం.కును ఫోనుకును మరలిరి. సంస్థలను నిందించి ప్రయోజనము లేదు. అయినను తుపానులు తాకు కోస్తావారు ఒక మాట మరువరాదు. స్తంభములు కూలి, తీగలు తెగిన రాత్రి దూరమున నిలిచిన ఒక్క ప్రసారయంత్రము, ఇంటిలో నాలుగు బ్యాటరీల రేడియో చాలును. అట్టి సాధనమును పూర్తిగా మూసివేయుటకు ముందు పాలకులు ఆ రాత్రిని ఒకమారు తలచుకొనవలెను.

ఇంటింట వెలుగు ఎల్.ఇ.డి. దీపములు, ఛార్జర్లు పుట్టించు రొద మరియొక శత్రువు. ఊరంతట కరెంటు పోయినప్పుడు అందరును విసుగుకొనుచుండగా ఈ అభిరుచిపరుడు మాత్రము బ్యాటరీ రేడియోతో డాబాపైకి పరుగిడును. ఆ రొద అణగిన అరగంటలో మిణుకుమిణుకుమను కేంద్రములు వినబడునని అతడు ఎరుగును.

పాఠశాలలు ఈ విద్యను ఇప్పటికైనను చేపట్టుట మేలు. ఖర్చు స్వల్పము. మధ్యతరంగములు గల పాత రేడియో ఒకటి, బ్యాటరీలు, ఒక నోటుపుస్తకము చాలును. రేడియోను అటునిటు త్రిప్పినచో లోపలి ఫెర్రైటు కడ్డీ దిక్కు మారి, ఒక కేంద్రము అణగి మరియొకటి లేచును. దిక్కుల పాఠమునకు వేరే పరికరము అక్కర లేదు. పిల్లల నిద్ర చెరుపవలసిన పనియు లేదు. సంధ్యకు తరువాత అరగంట, వేకువకు ముందు అరగంట దూరపు కేంద్రములకు మంచి వేళలు. భౌతికశాస్త్రము, భూగోళము బోధించువారు పొరలను, దేశములను గూర్చి చెప్పవచ్చును. భాషోపాధ్యాయుడు మాత్రము ఒక్క నియమమును నేర్పిన చాలును: వినినది వ్రాయుము, ఊహించినది ఊహయని వ్రాయుము, విననిది వ్రాయకుము.

చెవిని బడిన ప్రతి మాటను విచారింపక మరియొకరికి పంపుట నేడు అలవాటైనది. పంపినవా డెవడు, ఎచ్చటిది, ఎట్లు తెలిసినదని అడుగు ఓపిక పెద్దలకే లేదు. ఆ ఓపికను పుస్తకము చదివించి అలవరచుట కష్టము. రాత్రి ఆకాశము ముందు కూర్చుండబెట్టి అలవరచుట సులభము. నోటుపుస్తకములో ఒక బాలుడు తేదీ వేసి, వేళ వేసి, దానికెదురుగా 'ఏమియు వినబడలేదు' అని వ్రాసిననాడు ఉపాధ్యాయుడు వానిని అభినందింపవలెను. వాడు ఆనాటి పాఠమును నేర్చుకొన్నాడు.