గోదారి నీరు ఎవరికి? గోదారి ముంపు ఎవరికి?

గోదావరిని తల్లి అంటాం. పుష్కరాలొస్తే ప్రభుత్వాలు కోట్లు ఖర్చుపెట్టి ఘాట్లు కట్టిస్తాయి. కానీ ఈ తల్లి పెట్టే కూడు ఎవరి కంచంలో పడుతోంది, ఆమెకు కోపమొస్తే దెబ్బ ఎవరి వీపున పడుతోంది అని అడిగేవాళ్ళు తక్కువ. ఆ ప్రశ్న కష్టం చేసే మనమే వేయాలి. వేయాలంటే ముందు ఈ నది ఎక్కడ పుట్టి ఎటు పోతోందో తెలియాలి.

మహారాష్ట్రలో నాసిక్ జిల్లా త్ర్యంబకం దగ్గర గోదావరి పుట్టింది. అక్కడికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. అయినా నేల వాలు తూర్పుకు వుంది గనుక 1465 కిలోమీటర్లు నడిచొచ్చి బంగాళాఖాతంలో కలుస్తుంది. నాసిక్, పైఠాన్, నాందేడ్ దాటి కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. అక్కడే మంజీర కలుస్తుంది. అంతవరకు నదిలో నీరు అంతంతమాత్రం. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, దాని దిగువన ఇంద్రావతి, కూనవరం దగ్గర శబరి కలిశాకే అది మనం చూసే నిండు గోదారి అవుతుంది. అంటే విదర్భలో, బస్తర్‌లో, ఒడిషా కొండల్లో కురిసిన వానే డెల్టా పొలాల్లో వరి అవుతోంది. గోండులు, కోయలు బతికే అడవి మీదుగానే మన అన్నం వస్తోందన్నమాట.

పాపికొండలు దాటి రాజమండ్రి చేరిన నదికి ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట కట్టించాడు. ఇప్పుడున్న బ్యారేజి ఆ తర్వాత వచ్చింది. దాని కింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. కాటన్ మేలు కాదనేవాళ్ళెవరూ లేరు. ఆయన విగ్రహం వూరూరా వుంది. కానీ రాయి మోసినవాళ్ళు, తట్టలతో మట్టెత్తి కాలువలు తవ్వినవాళ్ళు వేలమంది. వాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు. ఈనాటికీ సార్వా అయినా దాళ్వా అయినా ఆకు తీసేదీ, నాటేదీ, గట్టు వేసేదీ కూలీలే. వాళ్ళలో చాలామందికి ఆ నీటి కింద సెంటు భూమి లేదు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్న సామెత వీళ్ళ కోసమే పుట్టిందేమో!

ఇక వరద సంగతి. భద్రాచలం దగ్గర 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో 75 అడుగులు దాటింది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. లంక పల్లెలు నీళ్ళలో తేలాయి. పంట పోయినచోట పెట్టుబడి పోయింది కౌలురైతుది, పని పోయింది కూలీది. పరిహారం మాత్రం కాగితంలో పేరున్న ఆసామిని వెతుక్కుంటూ పోతుంది. 2011లో వచ్చిన చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది. 2019 చట్టం భూయజమాని సంతకం కావాలని మెలిక పెట్టింది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆసామి భయం. సంతకం లేకపోతే అప్పు పుట్టదని కౌలుదారు భయం. ఈ రెండు భయాల మధ్య లాభపడేది వడ్డీ వ్యాపారే.

పోలవరం మాటేమిటి? డెల్టాకు భరోసా కావాలి, మెట్టకు నీళ్ళు కావాలి, కాదనలేం. అయితే ఆ నీటి కోసం లక్షకు పైగా కుటుంబాలు కొంపా గోడూ వదలాలి. వాళ్ళలో కోయలు, కొండరెడ్లు పెద్ద సంఖ్యలో వున్నారు. 2013 భూసేకరణ చట్టం ఒక మంచి మాట చెప్పింది: మూడేళ్ళుగా ఆ భూమి మీదే బతికే కౌలుదారూ కూలీ కూడా, పట్టా లేకపోయినా, నిర్వాసితులే. ఈ సంగతి ముంపు పల్లెల్లో ప్రతి గుడిసెకూ తెలియాలి. గట్టు కట్టే వేగం పునరావాసంలో ఎందుకు లేదని నిలదీయాలి.

చిన్న రైతు మనకు శత్రువు కాదు. కాలువ శివారున నీళ్ళందక ఎండుతున్న రైతూ, పనిలేక వలసపోయే కూలీ ఒకే పడవలో వున్నారు. అందుకే కలిసి అడగాల్సినవి కొన్నున్నాయి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే గుర్రపుడెక్క తీయించాలి, పూడిక ఎత్తించాలి. ఆ పని యంత్రాల కాంట్రాక్టరుకు కాక వూరి కూలీలకు ఇవ్వాలి. పంట నష్టం జాబితాను గ్రామసభలో అందరి ముందూ చదవాలి. సాగు చేసినవాడి పేరు అందులో వుండాలి. పొలం మునిగిన రోజుల్లో పని పోయిన కూలీకీ సాయం అందాలి.

గోదారి ఎవరినీ అడిగి పారదు. ఆ నీటిని పంచేది మాత్రం మనుషులే. పంచే చోట మనం లేకపోతే వాటా మరొకరిది, ముంపు మనది అవుతుంది.