చెయ్యి దాటిన రాయి

రైలు వెళ్తుంటే చూసి చెయ్యి ఊపని పిల్లలుండరు. రైల్లో ఉన్నవారెవరో మనకు తెలియదు. మనమెవరో వారికి తెలియదు. అయినా వారూ తిరిగి చెయ్యి ఊపుతారు. కాసేపట్లో రైలు కనుమరుగైపోతుంది. మనసులో మాత్రం ఏదో సంతోషం మిగిలిపోతుంది.

కాని కొన్ని చేతులు ఊపడంతో ఊరుకోవు. పట్టాల పక్కనున్న కంకరరాయిని అందుకుంటాయి. "ఆ మూడో పెట్టెకు తగిలించు చూద్దాం, పందెం!" అంటాడొకడు. రాయి లేస్తుంది.

నేను పాతికేళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతున్నాను. అయినా ఈ విషయంలో మీకు నీతులు చెప్పే అర్హత నాకు పూర్తిగా లేదు. ఎందుకంటే, ఎనిమిదో తరగతిలో ఉండగా నేనూ ఒక రాయి విసిరాను.

మా ఊరి చెరువుగట్టు పక్కనుంచి రైలుకట్ట పోయేది. బడి వదలగానే నలుగురం స్నేహితులం అక్కడ చేరేవాళ్ళం. ఒక సాయంత్రం పాసింజరు బండి వస్తోంది. పందెం పది గోలీలు. నేను విసిరిన రాయి తెరిచివున్న ఒక కిటికీలోకి పోయింది. లోపలినుంచి ఒక కేక వినిపించింది. బండి ఆగలేదు. మేము తుమ్మచెట్లలో పడి పరుగెత్తాం. ఆ కేక ఎవరిదో, రాయి భుజానికి తగిలిందో, కంటికే తగిలిందో నాకు ఈనాటికీ తెలియదు. పందెం గెలిచిన గోలీలు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.

ఇది పాతకాలపు ముచ్చట కాదు. 2023 జనవరిలో, సికింద్రాబాదు - విశాఖపట్నం వందే భారత్ రైలు ఇంకా ప్రారంభం కాకముందే, విశాఖలోని కంచరపాలెం దగ్గర రాళ్ళు రువ్వి దాని కిటికీ అద్దాలు పగలగొట్టారు. ఆ తరువాత కూడా మన రెండు రాష్ట్రాలలో ఆ రైళ్ళపై రాళ్ళు పడుతూనే వచ్చాయి. ఇలాంటి కేసుల్లో పట్టుబడినవారిలో ఆరేళ్ళనుంచి పదిహేడేళ్ళ వయసు పిల్లలు కూడా ఉన్నారని 2023 మార్చిలో దక్షిణ మధ్య రైల్వే తెలిపింది.

పట్టుబడిన పిల్లలు సాధారణంగా చెప్పే మాట ఒకటే: "సరదాకి విసిరాం. ఎవరినీ కొట్టాలని కాదు." ఆ మాట అబద్ధమని నేననను. నా విషయంలో అది నిజమే. కాని ఆ మాట సరిపోతుందా? ముందు లెక్క చేసి చూద్దాం.

పెద్ద నిమ్మకాయంత కంకరరాయి 200 గ్రాములు తూగుతుందనుకుందాం. మీరు దాన్ని సెకనుకు 15 మీటర్ల వేగంతో విసిరారు. గతిజశక్తి అంటే ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించగా వచ్చేది. 0.1 × 15 × 15 = 22.5 జౌళ్ళు. మీ చెయ్యి ఆ రాయికిచ్చిన శక్తి ఇంతే. ఆగివున్న రైలుకు తగిలితే ఇంతే తగులుతుంది.

ఇప్పుడు రైలు గంటకు 108 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. అంటే సెకనుకు 30 మీటర్లు. కిటికీ దగ్గర కూర్చున్న మనిషి దృష్టిలో రైలు కదలడం లేదు. బయటి ప్రపంచమే సెకనుకు 30 మీటర్ల వేగంతో ఎదురువస్తోంది. దీనినే మనం సాపేక్ష వేగం అని పాఠంలో చదువుకున్నాం. మీరు రాయిని విసరనే లేదు, ఊరికే దారంతో వేలాడదీశారనుకోండి. అది రైలుకు తగిలితే 0.1 × 30 × 30 = 90 జౌళ్ళు. మీ చేతి బలానికి ఇది నాలుగు రెట్లు!

పక్కనుంచి కిటికీ వైపు విసిరితే ఎంత? రెండు వేగాలూ లంబకోణంలో ఉంటాయి కనుక పైథాగరస్ సిద్ధాంతం పనికివస్తుంది. వేగం వర్గం 900 + 225 = 1125. శక్తి 112.5 జౌళ్ళు. ఇది అయిదు రెట్లు. వస్తున్న ఇంజనుకు ఎదురుగా విసిరితే రెండు వేగాలూ కలిసి సెకనుకు 45 మీటర్లవుతాయి. శక్తి 202.5 జౌళ్ళు. ఇది తొమ్మిది రెట్లు.

పోలికకు ఒక క్రికెట్ బంతిని తీసుకుందాం. అది ఇంచుమించు 160 గ్రాములుంటుంది. గంటకు 144 కిలోమీటర్ల వేగంతో వేసే మేటి బౌలర్ చేతిలోనుంచి వచ్చేటప్పుడు దాని శక్తి 128 జౌళ్ళు. ఆ బంతిని ఎదుర్కొనే ఆటగాడికి శిరస్త్రాణం ఉంటుంది, కాళ్ళకు ప్యాడ్లుంటాయి. పైగా బంతి వస్తుందని ముందే తెలుసు. స్లీపరు పెట్టెలో కిటికీ తెరచి, ఒళ్ళో పాపను పెట్టుకొని కూర్చున్న తల్లికి ఏముంది? ఇంజనులో వందలాదిమంది ప్రాణాలు తన మీద పెట్టుకొని పట్టాలవైపే చూస్తున్న డ్రైవరు ముందు ఒక అద్దం మాత్రం ఉంటుంది.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ రాయిలోని దెబ్బ చాలావరకు విసిరినవాడిది కాదు, రైలు వేగానిది. అందుకే విసిరినవాడికి తానేమి చేశాడో చేతికి తెలియదు. "మెల్లగానే వేశాను సార్" అంటాడు. మెల్లగానే వేశాడు. కాని గట్టిగానే తగిలింది.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. 1989 నాటి రైల్వే చట్టంలో 152వ సెక్షన్ ఈ విషయం మీదనే ఉంది. రైలు మీదికి రాయిగాని, కర్రగాని, మరేదైనాగాని విసిరి, అందులో ఉన్నవారికి ప్రమాదం కలిగించాలనే ఉద్దేశంతోనైనా, అలా ప్రమాదం కలుగవచ్చునని తెలిసి అయినా ఆ పని చేస్తే, యావజ్జీవ శిక్షగాని, పదేళ్ళ వరకు జైలుగాని పడవచ్చు. "ఉద్దేశం" అన్న మాట పక్కనే "తెలిసి" అన్న మాట కూడా ఉంది, చూశారా! ఉద్దేశం లేకపోవడం ఒక్కటే తప్పించుకునే దారి కాదు. అదీ నిరూపణ కాలేదనుకోండి. అజాగ్రత్తగా, దుందుడుకుగా ప్రవర్తించి ప్రయాణికుల భద్రతకు ముప్పు తెచ్చినా 154వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ఏ కారణమూ లేకుండా గొలుసు లాగి రైలు ఆపినా 141వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుగాని, వెయ్యి రూపాయల వరకు జరిమానాగాని, రెండూగాని పడవచ్చు.

ఇక్కడే సైన్సు చదువుకున్న మనమీద ఒక బరువు పడుతుంది. ఆరేళ్ళ పసివాడు "నాకు తెలియదు" అంటే నమ్ముతాం. సాపేక్ష వేగం, గతిజశక్తి నేర్చుకొని, పరీక్షలో లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి "నాకు తెలియదు" అని ఎలా అనగలడు? తెలివి పెరిగినకొద్దీ బాధ్యత పెరుగుతుంది. చట్టం చెప్పినా చెప్పకపోయినా ఇది సత్యం.

అలాగని, రాయి విసిరిన ప్రతి పిల్లవాణ్ణీ జైల్లో వెయ్యాలనేవారితో నేను ఏకీభవించను. మన చట్టమూ ఏకీభవించదు. 2015 నాటి బాలన్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వారిని పెద్దల జైలుకు పంపరు. సాధారణంగా వారి కేసును ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కలిసి ఉండే బాలన్యాయ మండలి విచారిస్తుంది. మందలించి పంపవచ్చు. సమాజసేవ చేయమనవచ్చు. తల్లిదండ్రులను జరిమానా కట్టమనవచ్చు. అవసరమైతే మూడేళ్ళ వరకు ప్రత్యేక గృహంలో ఉంచవచ్చు. చేసిన తప్పు పిల్లవాడి భవిష్యత్తుకు శాశ్వతమైన మచ్చ కారాదన్నది ఆ చట్టం ఆశయం. అది మంచి ఆశయం. అయితే కొందరు దీన్ని "మనకేమీ కాదులే" అని అర్థం చేసుకుంటారు. నాన్న పనిమానుకొని స్టేషను చుట్టూ తిరగడం, అమ్మ పదిమందిలో తల దించుకోవడం, బడి మాని విచారణకు వెళ్ళడం - ఇవేమీ కావా? పైగా పద్దెనిమిది నిండిన మరునాడు అదే రాయి విసిరితే ఆ రక్షణ ఉండదు. అన్నిటికీ మించి, ఏ చట్టమూ పోయిన కంటిచూపును తిరిగి తేలేదు.

మరి తెలిసి కూడా ఎందుకు విసురుతారు? దీనికీ సైన్సు కొంత జవాబు చెబుతుంది. ముందువెనుకలు ఆలోచించి మనల్ని ఆపే మెదడు భాగం నుదుటి వెనుక ఉంటుంది. అది ఇంచుమించు పాతికేళ్ళు వచ్చేవరకు పరిణతి చెందుతూనే ఉంటుంది. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రకటించారు. వివిధ వయసులవారిచేత కంప్యూటరుపై కారు నడిపే ఆట ఆడించారు. కొందరిని ఒంటరిగా, కొందరిని స్నేహితుల ఎదుట. 24 ఏళ్ళు దాటినవారు ఎలా ఆడినా పెద్ద తేడా కనిపించలేదు. 13 నుంచి 16 ఏళ్ళవారు మాత్రం స్నేహితులు చూస్తున్నప్పుడు చాలా ఎక్కువ ప్రమాదానికి తెగించారు.

నా అనుభవమూ అదే. ఆ సాయంత్రం నేను ఒంటరిగా ఉంటే రాయి విసిరేవాణ్ణి కాదు. నా రాయికి బలమిచ్చింది నా చెయ్యి కొంత, రైలు కొంత, పక్కనున్న ముగ్గురి కేరింతలు కొంత. కనుక "నేను విసరలేదు, చూస్తూ నిలబడ్డానంతే" అనేవాడు కూడా తన వంతు లెక్క చూసుకోవాలి.

ఇదంతా రాయికే పరిమితం కాదు. 2024 జూన్‌లో ఢిల్లీనుంచి కెనడా వెళ్ళవలసిన విమానంలో బాంబుందని ఒక ఈ-మెయిల్ వచ్చింది. విమానాన్ని ఆపి వెదికారు. ఏమీ లేదు. పంపినది 13 ఏళ్ళ బాలుడు. పోలీసులు తనను కనిపెట్టగలరో లేదో చూద్దామని సరదాకు పంపాడట! కనిపెట్టారు. వేలితో ఒక్క మీట నొక్కడానికి పట్టే శక్తి ఎంత? దాని దెబ్బ ఎందరిమీద పడింది? చెయ్యి దాటాక అదీ రాయి వంటిదే.

చిలిపితనం ఉండవద్దని నేను చెప్పడంలేదు. అది లేని బడి బడే కాదు. స్నేహితుడి చెప్పులు దాచండి. కాసేపయ్యాక ఇచ్చెయ్యండి. అతడూ నవ్వుతాడు. చిలిపి పనికి నేను చూసే గుర్తులు రెండు. చేసినదాన్ని మళ్ళీ సరిచేయగలగాలి. దానికి గురి అయినవాడు కూడా చివరికి మనతో కలిసి నవ్వగలగాలి. రైలు మీది రాయికి ఈ రెండూ లేవు. కిటికీలో ఉన్న మనిషి ఎవరో కూడా మనకు తెలియదు. క్షమాపణ చెప్పుకోవడానికైనా చిరునామా ఉండదు. నలభై ఏళ్ళుగా నాకు లేనట్టే.

ఉపాధ్యాయులకూ ఒక మాట. రైలుకట్ట దగ్గరున్న ప్రతి బడిలోనూ సాపేక్ష వేగం పాఠం వచ్చినప్పుడు పై లెక్కను పిల్లలచేత చేయించండి. సెక్షన్ల పేరు చెప్పి బెదిరించడంకంటే అది మేలు. భయం పోలీసు కనబడనంతవరకు నిలవదు. లెక్క అర్థమైతే నిలుస్తుంది.

పిల్లలకు నా కోరిక చిన్నది. గుంపులో ఎవడైనా వంగి రాయి తీస్తే, మీలో ఒక్కరు "వద్దురా" అనండి. ఆ ఒక్క మాట అనడానికి మా నలుగురిలో ఎవరమూ లేకపోయాం. ఆ తరువాత రైలు వస్తుంది. అందరూ కలిసి చెయ్యి ఊపండి. కిటికీలోనుంచి ఎవరో తిరిగి ఊపుతారు.